మూడవ పెట్టెలోని వోటు

ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మన చెన్నపురి ఆంధ్రుల ఇండ్లలోను, కచ్చేరీల విరామవేళలలోను, పెండ్లిపందిళ్లలోను ఒక వివాదము తప్పక పుట్టుచుండును. ఒకరు "ఆ మూడవవాడు గెలువడు, గెలువనివానికి వేసిన వోటు ఏటిలో పిసికిన చింతపండే" అందురు. వేఱొకరు "గెలుపు చూచి వోటువేయుట పందెము కాయుట యగును గాని పౌరధర్మ మెట్లగును?" అని యడుగుదురు. మొదటివారు రెండవవారిని లోకజ్ఞానము లేనివారనియు, రెండవవారు మొదటివారిని మనసు చంపుకొన్నవారనియు నిందింతురు. న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, అధ్యాపకులు మొదలగు విద్యావంతులలోనే యీ కలహము హెచ్చుగా కానవచ్చుచున్నది. ఇది కారణముగ ఒకే వీథిలోని యిద్దఱు మిత్రులు ఒక యెన్నికనుండి మఱియొక యెన్నికవఱకు పలుకరించుకొనకుండుటయు మేమెఱుగుదుము.

పరరాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారికి ఈ ప్రశ్న ఊసుపోక వచ్చినది కాదు. తమిళనాడు ప్రభుత్వము 2006లో చట్టముచేసి పాఠశాలలలో తమిళమును నిర్బంధ పాఠ్యవిషయముగ జేసినపుడు, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు చదువుకొను పిల్లల తల్లిదండ్రులకు కలిగిన చిక్కును పాఠకులు మఱచియుండరు. భాషావిషయమున అల్పసంఖ్యాకులైనవారు న్యాయస్థానముల కెక్కి మినహాయింపులు తెచ్చుకొనవలసి వచ్చినది. ఎన్నికలలో ఒక స్వతంత్రుడు నిలిచి "తెలుగు బడిని నిలిపెదను" అన్నచో, ఆయనకు గెలుచు బలము లేదని తెలిసియు ఆ తల్లిదండ్రులు ఆయనకే వోటు వేయవలెనా? లేక రెండు పెద్ద కూటములలో తమకు తక్కువ హాని చేయున దేదో యెంచి దానికి వోటిచ్చి, ఆ పిదప విన్నపపత్రముతో దాని వాకిట నిలువవలెనా? బరంపురములో నున్నవారికిని, బళ్లారిలో నున్నవారికిని, షోలాపురములో నున్నవారికిని స్వల్పభేదములతో ఇదియే సందిగ్ధము.

1952 నాటి మొదటి సామాన్య ఎన్నికలలో అభ్యర్థి కొక పెట్టె చొప్పున వేర్వేఱు పెట్టెలు పెట్టియుండిరి. వోటరు తన కాగితమును తనకిష్టమైన గుర్తుగల పెట్టెలో వేసి వచ్చుచుండెను. తరువాత పెట్టెలు పోయి ముద్ర వచ్చినది. ముద్ర పోయి మీట వచ్చినది. లెక్క మాత్రము మాఱలేదు. తక్కిన ప్రతి అభ్యర్థికంటెను ఒక్క వోటు ఎక్కువ వచ్చినవాడు గెలిచినట్లు. మిగిలినవారి పెట్టెలలోని కాగితములు ఎన్నియైనను, అవి మొత్తము మీద గెలిచినవాని కాగితములకంటె ఎక్కువయైనను, వాని పని ఆనాటితో సరి. ఈ లెక్క పుట్టించిన కలహమును మనము మనుష్యుల గుణదోషములకు అంటగట్టుచున్నామని మా అభిప్రాయము.

తమిళనాటి పాఠకులు కన్నులార చూచిన యుదాహరణ మొకటి కలదు. 2006లో విజయకాంత్‌గారి పక్షమగు డి.ఎం.డి.కె. దాదాపు రాష్ట్రమంతటను ఒంటరిగ పోటీచేసి నూటికి 8.38 వంతున వోట్లు తెచ్చుకొన్నది. 234 స్థానములలో దానికి దక్కినది ఒక్కటే. అది విరుధాచలములో ఆయన తాను గెలిచినది. 2011లో అదే పక్షము అన్నా డి.ఎం.కె.తో పొత్తు కుదుర్చుకొని 41 స్థానములలో నిలిచినది. వోట్లు 7.88 శాతమునకు తగ్గినవి, స్థానములు 29 వచ్చినవి. రెండవసారి వచ్చిన వోట్లలో పొత్తుదారుల వోట్లును గలవు గనుక ఈ రెండంకెలను సరిగా పోల్చరాదనుట నిజమే. అయినను, 2006లో నూటికి ఎనిమిదిమంది మాటకు శాసనసభలో ఒక్క నోరు మాత్రమే లభించెననుట యంతకంటె నిజము. ఇక గెలువడను జోస్యము ఎల్లప్పుడును ఫలించునదియు కాదు. 2021లో మన యానామునందు, ముఖ్యమంత్రి కాబోవుచుండిన రంగస్వామిగారు ఒక స్వతంత్ర అభ్యర్థి చేతిలో ఓడి, తాను నిలిచిన మఱియొక స్థానమునుండి శాసనసభకు వెళ్లవలసి వచ్చెను.

ఈ వివాదమునకు లోకమంతటను చెప్పుకొను దృష్టాంతము 2000 సంవత్సరమునందలి అమెరికా అధ్యక్షుని ఎన్నిక. రిపబ్లికను పక్షమునకు బుష్, డెమోక్రటు పక్షమునకు గోర్, గ్రీన్ పక్షమునకు రాల్ఫ్ నేడర్ అభ్యర్థులు. మోటారు వాహనముల భద్రతకై 1960 దశాబ్దమునుండి పోరాడి పేరుగన్న నేడర్‌కు విద్యావంతులలో గౌరవము మిక్కుటము. దేశమంతటిలో గోర్‌కు బుష్‌కంటె అయిదు లక్షలకు పైగా వోట్లు ఎక్కువ వచ్చినవి. కాని అచ్చట అధ్యక్షు నెన్నుకొనునది రాష్ట్రములవారీ ప్రతినిధులు. దాదాపు ప్రతి రాష్ట్రమునందును ప్రథముడైనవానికే ఆ రాష్ట్రపు ప్రతినిధులందఱును దక్కుదురు. తుదకు సమస్తమును ఫ్లారిడా రాష్ట్రమునకు వచ్చి నిలిచెను. అచ్చట బుష్‌కు 29,12,790, గోర్‌కు 29,12,253, భేదము 537. నేడర్‌కు వచ్చినవి 97,488. మఱల లెక్కించు పనిని డిసెంబరు 12న సుప్రీము కోర్టు 5–4 తీర్పుతో నిలిపివేయగా బుష్ అధ్యక్షుడయ్యెను.

నాటినుండి నేటివఱకు ఆ 97,488 మంది తలలపై ఒక నింద వ్రేలాడుచున్నది. వారిలో నూటి కొకరు గోర్‌వైపు తిరిగిన చాలునని వారి ప్రత్యర్థుల వాదము. అంకెలనుబట్టి అది కాదనరానిది. కాని అదే అంకెలలో మఱియొక విశేషము కలదు. ఆనాడు ఫ్లారిడా పత్రముపై పేరున్న చిన్న అభ్యర్థులలో ప్రతియొక్కనికిని 537 కంటె ఎక్కువ వోట్లే వచ్చినవి. అందఱికంటె క్రిందనుండిన సోషలిస్టు వర్కర్సు పక్షపు అభ్యర్థికి 562. అటులైన దేశపు గతి మార్చిన మహానుభావులు ఆ 562 మందియే యని ఏల యనరాదు? సొంత పక్షమువిడిచి బుష్‌కు వోటువేసిన డెమోక్రటులు లేరా? వోటువేయనే వేయక యింట కూర్చున్నవారు లేరా? వీరి నెవ్వరును నిందింపరు. నేరము మోయుటకు మూడవవాని వోటరు చేతికి దొరకినంత సులభముగ మఱియొకరు దొరకరు. నేడర్ పక్షము కోరినది గెలుపు కాదు. నూటికి 5 వంతుల వోట్లు వచ్చినచో తరువాతి యెన్నికకు ప్రభుత్వ ధనసహాయము దొరకును. దానికి వచ్చినది 2.7 మాత్రమే. కనుక ఆ లాభమును దక్కలేదు, ఈ నష్టమును తప్పలేదు.

ఇంతతో ఆగినచో ఉపాయపు వోటరులదే గెలుపనవలెను. కాని అదే దేశమున అంతకు నూటయేబదియాఱేండ్ల పూర్వము జరిగిన మఱియొక ఎన్నికను చూచినపుడు మాకు సందేహము కలుగుచున్నది.

1844లో విగ్ పక్షమునకు హెన్రీ క్లే, డెమోక్రటు పక్షమునకు జేమ్స్ పోక్ నిలిచిరి. టెక్సాసును దేశమున కలుపుకొని తీరవలెనని పోక్ వాదము. టెక్సాసు చేరినచో బానిసత్వము గల భూమి పెరుగును. క్లే దీనిని మొదట వ్యతిరేకించి, దక్షిణాది వోట్లకై నడుమ కొంత మెత్తబడెను. ఆయనయు బానిసలు గలవాడే. మూడవవాడు జేమ్స్ బర్నీ. ఒకప్పుడు బానిసల యజమానుడై యుండి, మనసు మాఱి వారిని విడిచిపెట్టి, బానిసత్వ నిర్మూలనమునకై పుట్టిన లిబర్టీ పక్షమునకు నాయకుడైనవాడు. 1840లో ఆ పక్షమునకు దేశమంతటను వచ్చిన వోట్లు ఏడువేలకు అటునిటు. 1844లో అఱువది రెండువేలు. న్యూయార్కు రాష్ట్రములో పోక్ క్లేను 5,106 వోట్లతో ఓడించెను. అచ్చట బర్నీకి పడినవి 15,812. అందు మూడవ వంతుకు కొంచెము తక్కువమంది క్లేకు వోటువేసియుండినచో న్యూయార్కుయొక్క 36 ప్రతినిధిస్థానములు ఆయనవై, 170–105గా నుండిన లెక్క తలక్రిందై, క్లే 141–134తో అధ్యక్షుడై యుండెడివాడు.

జరిగిన దేమి? పోక్ గెలిచెను. 1845లో టెక్సాసు బానిసత్వముగల రాష్ట్రముగ దేశమున చేరెను. 1846లో మెక్సికోతో యుద్ధము వచ్చెను. బానిసత్వమును ద్వేషించి వోటువేసినవారి వోటే బానిసత్వమునకు నేల పెంచినదని ఆనాటి విగ్ పక్షమువారు గుండెలు బాదుకొనిరి. ఆ మాటకు సమాధానము చెప్పుట సులభము కాదు. ఏలయన టెక్సాసు పత్తిచేలలో ఆ తరువాత ఇరువదియేండ్లు వెట్టిచేసినవారికి న్యూయార్కు వోటరుల మనశ్శుద్ధి ఏ విధముగను ఉపకరించలేదు. ఈ వైపు నష్టమును తేలికచేసి మాటలాడువారిని మేము మెచ్చము.

కాని కథ అచ్చట ముగియలేదు. లిబర్టీ పక్షమువారు ఇంటికి పోలేదు. 1848లో వారిలో అధికులు ఇతరులతో గలిసి ఫ్రీ సాయిల్ పక్షమై నూటికి పది వోట్లు తెచ్చిరి. రెండు పెద్ద పక్షములకును ఈ పదిమంది లేనిదే గెలుపు లేదను భయము పుట్టినది. విగ్ పక్షము లోలోపల పగిలి కూలెను. 1854లో రిపబ్లికను పక్షము పుట్టెను. 1860లో నూటికి నలువదికి లోబడిన వోట్లతో లింకను అధ్యక్షుడయ్యెను. బర్నీకి పడిన ఏడువేల వోట్లకును లింకను గెలుపునకును నడుమ ఇరువదియేండ్లు. ఆ ఏడువేలమందిలో ప్రతివానికిని 1840లోనే బుద్ధిమంతు లెవరో "నీ వోటు దండుగ" అని చెప్పియే యుందురు.

ఈ రెండు ఎన్నికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన మాకు తోచునది యిది. మూడవ అభ్యర్థిని "నీవు గెలిచెదవా?" యని యడుగుట వ్యర్థము, గెలువడని ఆయనకును తెలియును. "ఓడిన మఱునాడు నీవెచ్చట నుందువు?" అని యడుగవలెను. 1844 నాటి వోటు విత్తుగా మాఱినదనిన, దానికి నీరు పోయువారు పదునాఱేండ్లు పొలము విడువకుండుటయే కారణము. 1992లో రాస్ పెరో యను ధనికునికి అదే దేశమున నూటికి పందొమ్మిదికి కొంచె మీవలగా, కోటి తొంబదియేడు లక్షల వోట్లు పడినవి. ప్రతినిధిస్థానము ఒక్కటియు రాలేదు. ఆయన స్థాపించిన పక్షము కొన్నియేండ్లలోనే చీలికలై చల్లబడినది. బర్నీ వోట్లు పెరో వోట్లలో మూడు వందలవ వంతైన కావు. అయినను ఏవి మొలకెత్తినవో పాఠకులు చూచుచున్నారు.

ఈ గీటురాయిపై మన యింటి బంగారమును గీచి చూతము. 2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవిగారు ప్రజారాజ్య పక్షమును స్థాపించిరి. 2009 శాసనసభ ఎన్నికలలో దానికి నూటికి 16 వంతులకు పైగా వోట్లు వచ్చినవి; 294 స్థానములలో లభించినవి 18. కాంగ్రెసు నూటికి 37 వంతులకు లోబడిన వోట్లతో 156 స్థానములు గెలిచి ప్రభుత్వము నిలుపుకొన్నది. తెలుగుదేశము 28 వంతులతో 92 దగ్గఱ ఆగినది. ప్రభుత్వమును మార్చదలచినవారి వోట్లు చీలుటచేతనే యిట్లయ్యెనని నాడు పలువు రనిరి. కొంత నిజమే కావచ్చును. కాని మాకు బాధాకరమైనది అది కాదు. 2011లో ఆ పక్షము ఏ కాంగ్రెసునకు ఎదురు నిలిచి వోట్లడిగెనో ఆ కాంగ్రెసులోనే లీనమయ్యెను. "గెలుపు చూడవద్దు, క్రొత్తదానిని కట్టుదము" అన్న మాట నమ్మి ఎండలో వరుస నిలిచిన లక్షలాది జనమునకు, కట్టడము పునాదిలో నుండగనే స్థలము చేతులు మాఱినట్లయినది. వ్యర్థమైనదనదగిన వోటు ఆంధ్రదేశమున ఏదైన నుండినచో అది యిది. దానిని వ్యర్థము చేసినది వోటరు కాదు.

చీలికకు మఱియొక మందు కలదు; అది నాయకులే ముందుగ కూడబలుకుకొనుట. దీనికి మన చరిత్రలో 1955 కంటె గొప్ప యుదాహరణము లేదు. 1952 ఎన్నికలలో, చెన్నరాష్ట్రపు శాసనసభలోని ఆంధ్రప్రాంతపు 140 స్థానములలో కమ్యూనిస్టులు 41 గెలిచిరి, కాంగ్రెసు 43. తక్కిన వోట్లు ప్రకాశము పంతులుగారి పక్షము, రంగాగారి పక్షము మొదలగువాని నడుమ చెదరిపోయినవి. ప్రత్యేకాంధ్ర రాష్ట్ర మేర్పడిన పిదప 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము పడిపోగా, 1955 ఎన్నికలకు కాంగ్రెసు, కృషికార్ లోకపక్షము, ప్రజాపక్షము ఏకమై, పరస్పరము పోటీ లేకుండ అభ్యర్థులను నిలిపిరి. కూటమికి 196లో 146 స్థానములు వచ్చినవి. కమ్యూనిస్టులకు నూటికి 31 వంతులకు పైగా వోట్లు వచ్చియు స్థానములు 15 మాత్రమే దక్కెను. నూటికి ముప్పదియొకరి మాట పదునైదు కుర్చీలలో కుదించుకొనిపోయినది.

ఇందొక సంగతి గమనింపదగినది. నాయకులు ఉపాయపు వోటు పన్నినచో దానికి పొత్తు, సర్దుబాటు, రాజనీతి అను గౌరవనామములు కలవు. అదే పనిని వోటరు ఒంటరిగ తన తలలో చేసికొనవలసి వచ్చినపుడు అది మనసు చంపుకొనుట యగుచున్నది. నాయకు డొడంబడికలో తన యిష్టమునకు ప్రతిఫలముగ స్థానములు పొందును. వోటరు పొందున దేమియు లేదు. ఆయన మొదట ఎవరిని కోరెనో ఎచ్చటను వ్రాసియుండదు. పదివేలమంది తెలుగు తల్లిదండ్రులు బడికొఱకు మాటలాడిన స్వతంత్రుని విడిచి పెద్ద కూటమికి వోటు వేసినచో, ఆ కూటమి ఆ పదివేలను తన సొంత ప్రతిష్ఠగా లెక్కించుకొనునే గాని, బడికొఱకు వచ్చినవని యెఱుగదు. చెప్పుటకు రెండు మాటలుండగా ఒకే మాట చెప్పనిచ్చు పద్ధతిలో ఇది తప్పదు.

రెండు మాటలును చెప్పనిచ్చు పద్ధతి యొకటి కలదు. అది విదేశపు వింత కాదు. మన రాజ్యాంగములోనే యున్నది. దానిచేత తలవ్రాత తేలిన ఇద్దఱును తెలుగువారు.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు మరణించిరి. కాంగ్రెసు తన అభ్యర్థిగ అనంతపురము జిల్లావారగు నీలం సంజీవరెడ్డిగారిని నిలిపెను. ఉపరాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరిగారు పదవి విడిచి స్వతంత్రులుగ నిలిచిరి. గిరిగారు బరంపురమున జన్మించిన తెలుగువారు. ఆయన పుట్టిననాటికి అది చెన్నరాష్ట్రములోని గంజాము జిల్లా, 1936లో ఒడిస్సాలో చేరినది. మూడవవారు చింతామణి దేశ్‌ముఖ్‌గారు. రిజర్వు బ్యాంకునకు గవర్నరుగను, కేంద్రమున ఆర్థికమంత్రిగను పేరెన్నికగన్నవారు. స్వతంత్ర పక్షము, జనసంఘము ఆయనను బలపఱచినవి. ప్రధాని ఇందిరాగాంధీగారు తమ పక్షపు అభ్యర్థిని విడిచి, అంతరాత్మ చెప్పినట్లు వోటువేయుడని సభ్యులకు చెప్పుట, దానివలన కాంగ్రెసు రెండుగ చీలుట పాఠకు లెఱిగినదే.

ఈ యెన్నికలో పార్లమెంటు సభ్యులును శాసనసభ్యులును పేర్ల కెదురుగ 1, 2, 3 అని తమ కోరిక వరుసను వ్రాయుదురు. ఒక్కొక్క శాసనసభ్యుని వోటునకు ఆయన రాష్ట్రపు జనసంఖ్యనుబట్టి విలువ కట్టబడును. గెలుచుటకు మొత్తము విలువలో సగమునకు పైగా రావలెను. ఆనాడు కావలసినది 4,18,169. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చినవి. మన సామాన్య ఎన్నికల రీతినైనచో ఇంతతో సభ ముగిసి, దేశ్‌ముఖ్‌గారి పక్షమువారు ఏటిలో చింతపండు పిసికినవారై యుందురు. కాని ఎవరికిని సగము రాలేదు. అడుగునుండి ఒక్కొక్కరిని తొలగించి, వారి పత్రములపై వ్రాసిన తరువాతి అంకెనుబట్టి ఆ వోట్లను పంచిరి. దేశ్‌ముఖ్‌గారి వంతు వచ్చినప్పుడు, ఆయన వోటరులలో అధికులు రెండవ కోరికగ సంజీవరెడ్డిగారిని వ్రాసియుండిరి. ఎనుబదియెనిమిది వేలకు లోబడియుండిన అంతరము కరగి కరగి పదునాలుగువేల ఆఱువందల యేబదికి వచ్చినది. తుదకు గిరిగారు 4,20,077, రెడ్డిగారు 4,05,427. అంచుతప్పి గిరిగారు రాష్ట్రపతియైరి. 2022 వఱకు జరిగిన రాష్ట్రపతి యెన్నికలలో రెండవ కోరికను లెక్కింపవలసివచ్చినది ఆ యొక్క పర్యాయమే.

దేశ్‌ముఖ్‌గారి వోటరులు తమ మనసులోనివానినే మొదట పేర్కొనిరి. ఆ తరువాత, ఆయన కాకున్నచో మిగిలిన యిద్దఱిలో ఎవరు మేలో చెప్పిరి. మొదటి మాట వలన రెండవ మాట చెడలేదు. రెండవ మాటకై మొదటిదానిని మ్రింగుకొననక్కఱ లేకపోయినది. ఆ రెండవ మాటయెడ పెద్ద పక్షముల కెంత గౌరవముండెనో తెలియవలెనన్న, కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారు దానిని సంజీవరెడ్డిగారికై యడుగుటకు ప్రతిపక్ష నాయకుల యొద్దకు వెళ్లిరను సంగతియే చాలును. ఆ వెళ్లుటయే ప్రధాని వర్గమువారి చేతికి ఆయుధ మయ్యెను.

రాజ్యసభ ఎన్నికలలోను ఇదే అంకెల పద్ధతి. అనగా మన శాసనసభ్యులు తాము వోటువేయునపుడు రెండవ మాట, మూడవ మాట చెప్పుకొను సౌకర్యమును అనుభవించుచున్నారు. తమ్ము ఎన్నుకొను ప్రజకు ఒక్క మాటయే చాలునని యూరకున్నారు. 1949 జనవరిలో రాజ్యాంగ నిర్మాణసభలో దామాషా ప్రాతినిధ్యపు ప్రతిపాదన వచ్చినపుడు డాక్టరు అంబేద్కరుగారు దానిని కాదనుచు, ఆ పద్ధతికి వోటరులు కనీసము అంకెలైన నెఱిగిన అక్షరాస్యులై యుండవలెననియు, పక్షములు పెక్కై ప్రభుత్వములు నిలుకడ తప్పుననియు చెప్పిరి. 1951లో దేశమున అక్షరాస్యులు నూటికి 18 మంది. ఆనాటి కది గట్టి మాటయే. 2011 జనాభా లెక్కలలో ఆ సంఖ్య డెబ్బది దాటినది. అంకెలు తెలియని వోటరు నేడు అరుదు. సంచార దూరవాణిపై పది అంకెలు నొక్కని యిల్లు లేదు. నిలుకడను గూర్చిన రెండవ శంక ఒక స్థానమునకు పలువురిని పంపు పద్ధతికి చెల్లునే గాని, ఒక స్థానమునకు ఒక్కనినే ఎన్నుకొనుచు అంకెలు వ్రాయించుటకు అంతగా చెల్లదు. ఆస్ట్రేలియా దిగువసభకు 1918 నుండి అట్లే జరుగుచున్నది. అమెరికాలో మెయిన్ రాష్ట్ర ప్రజలు 2016లో వోటువేసి ఆ పద్ధతిని తెచ్చుకొని, 2018లో అమలులో పెట్టుకొనిరి.

దీనిలో చిక్కులు లేవని మేము చెప్పము. 2021 మార్చిలో తెలంగాణములోని రెండు పట్టభద్ర నియోజకవర్గములకు విధానపరిషత్తు ఎన్నికలు జరుగగా ఒక్కొక్కచోట డెబ్బదిమందికి తక్కువకాక అభ్యర్థులు నిలిచిరి. పత్రము దుప్పటివలె పఱచుకొన్నది. లెక్కింపు రాత్రింబవళ్లు దినములతరబడి సాగినది. పట్టభద్రులై యుండియు తప్పుగా గుర్తించి వోటు చెడగొట్టుకొన్నవారు వేలసంఖ్యలో తేలిరి. ఇది కొంత సిగ్గుచేటు. అయినను వరంగల్లు–ఖమ్మము–నల్లగొండ నియోజకవర్గములో మూడవ స్థానమున నిలిచిన ఆచార్య కోదండరామ్‌గారి వోటరులను ఓట్లు చీల్చినవారని నిందించుటకు ఎవరికిని సందు లేకపోయినది. ఆయన తొలగిన పిదప వారి తరువాతి మాటను లెక్కించిన మీదటనే గెలుపు తేలినది.

సామాన్య ఎన్నికలలో ఈ మార్పు వచ్చువఱకు వోటరు రెండు నష్టములలో నొకదానిని కన్నులు తెఱచి ఏరుకొనవలసినదే. ఏరుకొన్నవానిని పిఱికియనియు, పిచ్చివాడనియు తిట్టుట మాత్రము మాకు సమ్మతము కాదు. ఇంతలో రెండవ మాట చెప్పుకొను హక్కు ఇప్పటికే చేతిలో నున్నవారు దానిని పోగొట్టుకొనకుండుట మేలు. చెన్నపురి ఆంధ్రులకు ఆ భాగ్యము లేదు. తమిళనాటి విధానపరిషత్తు 1986లో రద్దయినది. ఒడిస్సాలో విధానపరిషత్తే లేదు. బెంగుళూరులోను, బొంబాయిలోను ఉద్యోగములు చేయు మనవారికి కర్ణాటక, మహారాష్ట్ర పరిషత్తుల పట్టభద్ర నియోజకవర్గములు కలవు. ఆ వోటరుల పట్టిక సామాన్య పట్టికవలె నిలిచియుండదు. ప్రతి యెన్నికకును క్రొత్తగ తయారగును. పూర్వము పేరుండినదిగదా యని యూరకున్నచో పేరుండదు. నవంబరు 1వ తేదీకి మూడేండ్ల ముందు పట్టము పొందియుండినవారు 18వ నమూనా పత్రము నింపి, పట్టపు నకలుతో దాఖలు చేసికొనవలెను. వోటువేయునాడు అక్కడి అధికారు లిచ్చు ఊదారంగు కలముతోనే అంకె వేయవలెను. సొంత కలము పనికిరాదు. 1 వ్రాయక 2 వ్రాసినచో వోటు చెల్లదు. 1 మాత్రము వ్రాసి 2 విడిచినచో చెల్లును గాని, ఆ వోటరు మొదట కోరిన అభ్యర్థి తొలగింపబడినప్పుడు ఆ పత్రమును ప్రక్కన పెట్టివేయుదురు.